కల వదలని కవితకు స్పందించడం ఎలా?

మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ కవి సమ్మేళనానికి పోతే, కల గురించిన కవిత ఒక్కటైనా వినకుండా బయటికి రాలేం. డీఎస్సీ నోటిఫికేషన్ కోసం హైదరాబాద్ హాస్టల్ గదిలో ఏళ్లు వెళ్లదీస్తున్న కొడుకు మీద ఒకరు రాస్తారు. బొంబాయి పోయిన పెనిమిటి పంపే పైసలతో ఊళ్లో రెండు గదులు లేపాలనుకునే ఇల్లాలి మీద ఇంకొకరు రాస్తారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు కాళ్లను వంచేసినా కాలేజీకి పోతానని మొండికేసిన పిల్ల మీద మరొకరు. చదవడం అయిపోతుంది, చప్పట్లు పడతాయి, ముందు వరుసలో ఎవరో "గుండె పిండేసిండ్రు సార్" అంటారు, మైకులో తర్వాతి పేరు పిలుస్తారు. రాసినవాళ్లు ఏ లైను ఎవరికి తగిలిందో తెలియకుండానే బస్సెక్కుతారు.

ఈ మార్గదర్శి ఆ తర్వాతి పేరు పిలిచేలోపు ఏం చేయొచ్చో చెప్పడానికి. సభలో రెండు నిమిషాలు మాట్లాడమంటే గాబరా పడేవాళ్లకు, స్పందన రాసుకురమ్మని లెక్చరర్ చెప్పిన విద్యార్థులకు, స్నేహితుడు నోటుబుక్కు చేతిలో పెట్టి "చదివి చెప్పరా" అంటే ఏం చెప్పాలో తోచనివాళ్లకు పనికొస్తుంది. ఛందస్సు, అలంకారశాస్త్రం తెలియనక్కర లేదు. ఒక్కటి మాత్రం మొదటి నుంచీ గుర్తుంచుకోవాలి. స్పందించాల్సింది కవితకు. కలలు కనడం మంచిదే అన్న సంగతి అందరికీ తెలుసు, దాని మీద ఉపన్యాసం దంచడానికి కవిత అక్కర్లేదు. చాలా స్పందనలు దారి తప్పేది ఇక్కడే. కవి చెప్పింది వదిలేసి అబ్దుల్ కలాం గారి దగ్గరికి వెళ్లిపోతాం.

ముందు ఒక కవిత

చేతిలో కవిత లేకుండా ఈ పని నేర్పడం కుదరదు. అందుకని ఈ వ్యాసం కోసమే ఒకటి రాశాను. దీన్నే చివరిదాకా వాడుకుందాం.

మూడో బోరూ దుమ్మే కక్కింది
నాయిన తువ్వాల దులుపుకొని లేచిండు
అమ్మ రొట్టె మూట విప్పింది
నేను మాత్రం
పైపు మూతికి చెవి ఆనించి
ఇంకా వింటున్న
కింద ఎక్కడో
నా కాలేజీ ఫీజు
చప్పుడు చేస్తున్నట్టు

మొదటి మెట్టు: గొంతెత్తి చదవండి

మన పదో తరగతి తెలుగు పుస్తకంలో పాఠం చివర 'అవగాహన – ప్రతిస్పందన' అని ఉంటుంది. ఆ వరుస బాగుంది, ముందు అవగాహన. కానీ అవగాహన కోసం కళ్లతో చదివితే చాలదు. ఒకసారి మనసులో చదువుకోండి, ఒకసారి పైకి చదవండి, కుదిరితే ఇంట్లో ఎవరితోనైనా చదివించి వినండి. వేరే గొంతులో విన్నప్పుడు మనం జారవిడిచిన మాటలు బయటపడతాయి.

పైకి చదివేటప్పుడు గొంతు ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. పై కవితలో "నేను మాత్రం" దగ్గర లైను విరిగింది. అంతవరకు ఒక్కో లైనులో ఒక్కో పని పూర్తయిపోతోంది. బోరు కక్కింది, నాయిన లేచిండు, అమ్మ విప్పింది. అక్కడి నుంచి ఏ పనీ పూర్తి కాదు. "వింటున్న" అంటే ఆ పని ఇంకా నడుస్తూనే ఉంది. ఆ తేడా చెవికే ముందు దొరుకుతుంది. పెన్సిల్‌తో పక్కన చిన్న గీత పెట్టుకోండి.

ఇంకో సంగతి. కవిత పాలమూరు (మహబూబ్‌నగర్) మాటలో ఉంటే పాలమూరు మాటలోనే చదవండి. "లేచిండు"ను "లేచాడు" అని మార్చి చదివితే ఆ నాయిన మన ఊరివాడు కాకుండా పోతాడు. స్పందన మీరు ఏ తెలుగులో రాసినా ఫర్వాలేదు, ఎత్తి చూపే లైను మాత్రం కవి రాసినట్టే ఉండాలి.

రెండో మెట్టు: కల ఎవరిది, బరువు ఎవరిది

కల గురించిన ఏ కవితలోనైనా ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటారు, కొందరు కనబడరు. కల కనేది ఎవరు? దానికి పైసలు పెట్టేది ఎవరు? ఎవరు వదిలేశారు, ఎవరు వదలలేదు? ఈ నాలుగు ప్రశ్నలూ కాగితం మీద రాసుకొని జవాబులు వెతకండి. దొరకని జవాబు పక్కన ఖాళీ ఉంచండి. ఆ ఖాళీ కూడా పనికొస్తుంది.

మన కవితలో కల బిడ్డది, అప్పు నాయినది. మాట్లాడుతున్నది కొడుకా, కూతురా? కవిత చెప్పలేదు. చదివిన మరుక్షణం మీరు ఒకరిని ఊహించుకొని ఉంటారు. ఎవరిని ఊహించుకున్నారో, ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించండి. బోరు ఎండితే ఇంట్లో ముందు ఆగేది ఎవరి చదువో మీకు తెలుసు కాబట్టి ఆ బొమ్మ వచ్చింది. స్పందనలో రాయదగ్గ మొదటి మాట చాలాసార్లు ఇలాంటి చోటే దొరుకుతుంది.

అమ్మ సంగతి మర్చిపోవద్దు. మూడో బోరు కూడా పోయిన క్షణంలో ఆమె రొట్టె మూట విప్పుతోంది. ఆమెకు బాధ లేదని కాదు. పొద్దున చీకటితో లేచి జొన్నరొట్టెలు చేసి గుడ్డలో కట్టుకొచ్చింది, ఇప్పుడు తినకపోతే ఎప్పుడు తింటారు? ఆశ వదిలేసిన మనిషి పనా అది, రేపటి కోసం ఒంట్లో సత్తువ ఉంచే మనిషి పనా? తేల్చి చెప్పాల్సిన అవసరం లేదు. రెండు రకాలుగానూ చదవొచ్చని చెబితే కవి సంతోషిస్తారు.

మూడో మెట్టు: క్రియను పట్టుకోండి

కలను వదలకూడదు అనే కవితలన్నిటిలోనూ ఒక పట్టు ఉంటుంది. ఆ పట్టు ఏ పనిగా కనబడుతోంది? పిడికిలి బిగించడమా, ఎదురు చూడటమా, నడవడమా, పాడటమా? పేలవమైన కవితలో "వదలకు", "విడువకు", "సాగిపో" అనే ఆజ్ఞలు మాత్రమే ఉంటాయి. బాగున్న కవితలో ఒక మనిషి ఒక పని చేస్తూ కనబడతాడు.

మనదాంట్లో ఆ పని వినడం. చేతులు ఖాళీగా ఉన్నాయి, చెవి మాత్రమే ఆనుకొని ఉంది. బోరు గుంతలో గులకరాయి వేసి చప్పుడు వినడం ఊళ్లలో అందరూ ఎరిగిన పనే. నీళ్లుంటే ఒక రకంగా, లేకుంటే ఒక రకంగా వినబడుతుంది. ఇక్కడ రాయి కూడా వేయలేదు, ఊరికే వింటున్నారు. చప్పుడు ఉందని కూడా అనలేదు, "చేస్తున్నట్టు" అన్నారు. ఆ చివరి "నట్టు" తీసేసి "చప్పుడు చేస్తోంది" అని చదివి చూడండి. కవిత ధైర్యవచనం అయిపోతుంది. ఉంచితే, ఆశ కూడా తన మీద తనకు అనుమానంతోనే నిలబడి ఉంటుంది. ఇలా ఒక్క ప్రత్యయం మార్చి చదివి చూడటం నాకు తెలిసిన పనిముట్లలో అన్నిటికన్నా పదునైంది. కవిత దేని మీద నిలబడి ఉందో వెంటనే తెలిసిపోతుంది.

(ఎండిన బోరు పైపుకు మూత బిగించాలన్న సంగతి కవితకు సంబంధం లేదు గానీ, దయచేసి బిగించండి.)

నాలుగో మెట్టు: ఒక్క లైను ఎంచుకోండి

కవిత మొత్తం మీద మాట్లాడాలనుకుంటే ఏమీ మాట్లాడలేం. ఒక్క లైను ఎంచుకోండి. అందరూ మెచ్చుకునే లైనే కానక్కర లేదు, మీరు ఆగిపోయిన లైను. పై కవితలో చాలామంది "నా కాలేజీ ఫీజు" దగ్గర ఆగుతారు, అది ఆగేట్టుగానే పెట్టింది. నాకైతే నాయిన తువ్వాల దులుపుకోవడం దగ్గర ఎక్కువ పని ఉందనిపిస్తుంది. ఒక మనిషి అప్పుల్లో కూరుకుపోయిన క్షణంలో చేయగలిగింది అంతే, మీద పడ్డ దుమ్ము దులుపుకోవడం.

ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం) సంప్రదాయం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. షేర్ (రెండు పాదాల పద్యం) నచ్చితే వినేవాళ్లు "ముకర్రర్" అంటారు, అంటే మళ్లీ ఒకసారి చదవమని. ఉర్దూ, తెలుగు పక్కపక్కనే వినబడే మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లో తెలుగు సభల్లోనూ దీన్ని వాడుకోవచ్చు. "ఆ పైపు లైను మళ్లీ ఒక్కసారి చదవండి సార్" అంటే చాలు. 'అద్భుతం' అని పదిసార్లు అనడం కన్నా ఆ ఒక్క కోరిక కవికి ఎక్కువ చెబుతుంది.

ఐదో మెట్టు: ఆ బొమ్మను మీ నేల మీద పెట్టి చూడండి

కవిత ఎక్కడిదైనా కావచ్చు. కలను వదలొద్దన్న కవితల్లో ప్రపంచమంతా తిరిగినది ల్యాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన ఎనిమిది పంక్తుల కవిత. 1923లో అచ్చయింది. అప్పటికి ఆ అమెరికా నల్లజాతి కవి ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. కలలు పోతే బతుకు ఎలా ఉంటుందో చెప్పడానికి రెండే బొమ్మలు ఇచ్చాడు. రెక్క విరిగి ఎగరలేని పిట్ట ఒకటి, మంచు కింద గడ్డకట్టిన బీడు ఒకటి.

పిట్టతో మనకు ఇబ్బంది లేదు. ఆ మంచు బీడుతోనే పని పడుతుంది. అచ్చంపేటలోనో దేవరకొండలోనో చదివే పిల్లకు మంచు తెలియదు, బీడు బాగా తెలుసు. అక్కడ "మాకు మంచు పడదు కాబట్టి అర్థం కాలేదు" అని ఆగిపోవద్దు. రెండు బీళ్లనూ పక్కపక్కన పెట్టండి. చలిదేశంలో గడ్డకట్టిన చేను ఎండాకాలానికి కరుగుతుంది, ఆ మాటకు ఋతువు పూచీ ఉంటుంది. మన ఎర్రచెల్కలో, అంటే ఎర్రమట్టి నేలలో, బీడు ఎదురుచూసేది వాన కోసం. జూన్ మొదట్లో మృగశిర కార్తె ఎలాగూ వస్తుంది, వాన వస్తుందన్న పూచీ మాత్రం లేదు. మొదటి వానకు పెట్టిన విత్తు మొలకెత్తి, రెండో వాన రాక మాడిపోయిన ఏళ్లు ఇక్కడి రైతులందరికీ గుర్తే. అంటే మన బీడులో కల పూర్తిగా చావదు, పూర్తిగా బతకదు, ఏటా ఒకసారి మొలిచి మాడుతుంది. ఇది ఆ కవితలో లేదు. అయినా ఆ కవిత చదవకపోతే మీకు తట్టేది కాదు. ఇలా మీ ఊరి నుంచి తెచ్చి కవిత పక్కన పెట్టిన తేడాను రాస్తే, అది నిజమైన స్పందన అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సొంత నేల అనగానే పిల్లలమర్రి, నాగార్జునసాగర్, పానగల్లు గుడి, గద్వాల చీర వరుసగా దండ గుచ్చేస్తుంటారు. అది స్పందన కాదు, టూరిజం కరపత్రం. కవితలోని బొమ్మకు తగిలే ఒక్క వస్తువు చాలు.

ఆరో మెట్టు: ఒప్పుకోని చోట ఒప్పుకోలేదని చెప్పండి

కలను వదలొద్దన్న మాటను ఎవరూ కాదనరు. అందుకే దాని మీద రాసే స్పందనలు చప్పగా ఉంటాయి. కానీ మన చుట్టూ చూడండి. గ్రూప్స్ కోసం ఏళ్లకేళ్లు చదువుతూ ముప్పై దాటిన అన్న ఉంటాడు. ఆయన కల కోసం చెల్లె చదువు ఇంటర్‌తో ఆగింది. నీళ్లు పడతాయన్న కల మూడు బోర్లు వేయించింది, మూడు అప్పులు మిగిల్చింది. ఇలాంటప్పుడు "వదలకు" అనడం ఎంతవరకు న్యాయం? వదిలేసి వేరే దారి చూసుకున్నవాళ్లు పిరికివాళ్లా? గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఊళ్లో కిరాణా పెట్టుకున్న మనిషి ఓడిపోయినట్టా?

ఈ ప్రశ్న వేయడానికి మొహమాటపడొద్దు. హ్యూస్ తనే వేశాడు. కలలను గట్టిగా పట్టుకోమన్న ఆ కవే 1951లో, వాయిదా పడిన కలకు ఏమవుతుంది అని అడుగుతూ ఇంకో చిన్న కవిత రాశాడు. దాదాపు మొత్తం ప్రశ్నలే. ఎండకు ద్రాక్షలా వడిలిపోతుందా, పుండులా చీము పడుతుందా, బరువులా కుంగిపోతుందా, లేక పేలుతుందా? మధ్యలో దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి, న్యూయార్క్ హార్లెంలో తనవాళ్ల బతుకు ఆయన కళ్లముందే ఉంది. మొదటి కవితను ఆయన రద్దు చేసుకోలేదు, దాని పక్కన ఒక ప్రశ్న పెట్టాడు. మనం చేయాల్సింది కూడా అదే. కవితను కొట్టిపారేయకుండా దాని పక్కన ప్రశ్న పెట్టడం.

అడిగే తీరు ముఖ్యం. "మీరు వాస్తవం రాయలేదు" అంటే కవి మూసుకుపోతారు. "మూడో బోరు దాకా వచ్చింది కదా, నాలుగో బోరు వేస్తానని నాయిన అంటే ఈ పిల్ల ఏమంటుంది?" అని అడగండి. కవితలోంచి పుట్టిన ప్రశ్న కవిని నొప్పించదు, ఆలోచనలో పడేస్తుంది.

ఏడో మెట్టు: రాయడం

ఇంతవరకు పెన్సిల్ గీతలు, ప్రశ్నలు, ఖాళీలు పోగయ్యాయి. వాటిని పేరాగా మార్చడం పెద్ద కష్టం కాదు. ఎక్కడ ఆగారో మొదటి వాక్యంలోనే చెప్పేయండి. "కవిత్వం అనాది నుంచి..." అని మొదలుపెడితే చదివేవాళ్లు అక్కడే లేచిపోతారు. తర్వాత ఎందుకు ఆగారో, మీ నేల మీద అది ఎలా కనబడిందో, ఎక్కడ మీకు సందేహం మిగిలిందో రాయండి. నూటయాభై మాటలు దాటకుండా చూసుకుంటే అనవసరం అంతా అదే రాలిపోతుంది. మచ్చుకు ఒకటి:

"తువ్వాల దులుపుకొని లేచిన నాయిన దగ్గర నేను ఆగిపోయాను. ఈ కవితలో అందరూ చెవి ఆనించిన పిల్లను చూస్తారు, నాకు మాత్రం ఆ పిల్ల చూడని నాయిన కనబడ్డాడు. మా దగ్గర బోరు పోయిన రోజు మగవాళ్లు పెద్దగా మాట్లాడరు. రిగ్గు లారీ వెళ్లిపోయేదాకా ఏదో సర్దుతున్నట్టు తిరుగుతుంటారు. కవి ఆ మౌనాన్ని ఒక్క పనిలో పట్టుకున్నారు. 'చప్పుడు చేస్తున్నట్టు' అని ఆపడం కూడా నచ్చింది, నీళ్లు వచ్చాయని అబద్ధం చెప్పలేదు. ఒక సందేహం మాత్రం మిగిలింది. కింద వినబడేది ఫీజు ఒక్కటేనా, నాయిన తెచ్చిన అప్పు కూడా అక్కడే చప్పుడు చేస్తోంది కదా? ఆ రెండో చప్పుడు ఆ పిల్లకు వినబడిందో లేదో కవిత చెప్పలేదు. వినబడి ఉంటే ఇంకా ఎంతసేపు వింటూ కూర్చునేది?"

ఇందులో 'అద్భుతం', 'హృద్యం' లాంటి మాట ఒక్కటీ లేదు చూడండి. మెప్పుకు సంబంధించి "నచ్చింది" ఒక్కటే ఉంది, అదీ కారణంతో. రాసిన తర్వాత మీ పేరాలో కవిత పేరు తీసేసి వేరే కవిత పేరు పెట్టి చదవండి. అప్పటికీ సరిపోతే, మీరు రాసింది ఏ కవితకూ కాదు. మళ్లీ మొదలుపెట్టాలి.

ఎనిమిదో మెట్టు: కవితకు కవితతో జవాబు

ఇది తప్పనిసరి కాదు. కానీ మన ప్రాంతానికి ఇది బాగా అలవాటున్న పని. విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న గద్వాలలో, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు జరిగేవి, జంట కవులైన తిరుపతి వేంకట కవులు కూడా వచ్చి వెళ్లారు. అవధానంలో సమస్యాపూరణం ఉంటుంది. ప్రశ్న అడిగే పృచ్ఛకుడు చిక్కైన పాదం ఒకటి ఇస్తాడు, అవధాని మిగతా పాదాలు అల్లి దానికి అర్థం తెస్తాడు. ఛందస్సు రాకపోయినా ఆ పద్ధతిని మనం వాడుకోవచ్చు. కవితలో మీరు ఆగిన లైనును సమస్యగా తీసుకోండి. ఆ లైను ఇంకెవరి నోటి నుంచి వస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

దీనికి నానీ మంచి రూపం. భువనగిరిలో పుట్టిన ఎన్. గోపి గారు ప్రవేశపెట్టిన చిన్న కవితారూపం ఇది. నాలుగు పాదాలు, మొత్తం ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు. ఇంత ఇరుకులో ఉపదేశం పట్టదు. కల కవితకు జవాబు రాసేటప్పుడు మన నోటికి ముందు వచ్చేది ఉపదేశమే కాబట్టి, ఆ ఇరుకు మేలు చేస్తుంది.

మన కవితలో మాట్లాడని మనిషి నాయిన. ఆయన నోటితో జవాబు రాద్దాం. చేతికి ముందు వచ్చిన రూపం ఇది:

దుమ్ము పోవాలని కాదు బిడ్డా
తువ్వాల దులిపింది
నా ముఖం
నీకు కనబడొద్దని

లెక్కపెడితే ఇరవై ఎనిమిది అక్షరాలు. ఒత్తు ఉన్న అక్షరాన్ని ఒకటిగానే లెక్కించాలి, 'బిడ్డా' రెండు అక్షరాలు. మూడు తగ్గాలి. 'నా ముఖం' తీయలేం, 'తువ్వాల' తీస్తే మూల కవితతో ముడి తెగుతుంది. మిగిలింది 'పోవాలని'. "దుమ్ము పోవాలని" బదులు "దుమ్ముకు" అంటే సరిగ్గా మూడు అక్షరాలు తగ్గాయి:

దుమ్ముకు కాదు బిడ్డా
తువ్వాల దులిపింది
నా ముఖం
నీకు కనబడొద్దని

ఇరవై ఐదు. తగ్గించాక మాట కూడా ఊరి మాటకు దగ్గరగా జరిగింది. 'బిడ్డా' అనేది మన దగ్గర కొడుకునూ అంటాం, కూతురినీ అంటాం కాబట్టి మూల కవి ఖాళీగా ఉంచిన చోటును మనం నింపేయలేదు. జవాబు కవితకు ఇది ముఖ్యం. మూల కవిత తెరిచి ఉంచిన తలుపును మనం మూయకూడదు.

నానీ కుదరకపోతే పాట ఉంది. పాటల కవి గోరటి వెంకన్న గారు పుట్టిన తెలకపల్లి వైపు ఎవరినైనా అడగండి, కవిత కన్నా పాటే వాళ్ల నోటికి తొందరగా వస్తుంది. మూల కవితలోని ఒక లైనును పల్లవి చేసుకొని చరణం అల్లితే వినేవాళ్లు కూడా గొంతు కలుపుతారు.

మాటలతో వాదించే బదులు పనితో ఇచ్చిన జవాబు కూడా ఒకటి ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులు ఉన్నారు. మీ కాలేజీలో కలల మీద వచ్చిన కవితలు, వాటికి వచ్చిన జవాబులు పోగుచేసి గోడపత్రిక పెట్టినా అదే దారిలో చిన్న అడుగు.

కవిత పేలవంగా ఉంటే

ఇలాంటివే ఎక్కువగా ఎదురవుతాయి:

కలలు కను నేస్తమా
కష్టాలకు వెరవకు
గమ్యం చేరే వరకు
గుండె ధైర్యం విడువకు

పై మెట్లన్నీ దీనికి పెడితే ఏమీ దొరకదు. మనిషి లేడు, చోటు లేదు, పని లేదు. అలాగని నవ్వి ఊరుకోవద్దు, మొదటిసారి రాసిన పిల్లవాడు కావచ్చు. అబద్ధపు మెప్పు కూడా వద్దు, వచ్చే సభకు ఇంకో నలభై లైన్లు ఇలాంటివే పట్టుకొస్తాడు. ఒక్క ప్రశ్న అడగండి. "తమ్మీ, ఇది ఎవరితో చెప్పినవ్?" చాలాసార్లు జవాబు వస్తుంది. "మా దోస్తు పోలీస్ సెలక్షన్‌ల రన్నింగ్‌ల పోయిండు సార్, వానికి రాసిన." అప్పుడు చెప్పండి, ఆ రన్నింగే రాయమని. ఎక్కడ ఆగిపోయాడు, బూట్లు ఎవరివి వేసుకున్నాడు, తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏం మాట్లాడుకున్నారు. కవిత ఆ పిల్లవాడి దగ్గర ముందే ఉంది, కాగితం మీదికి రాలేదంతే.

సభలో చెప్పేటప్పుడు

మైకు దగ్గర టెన్షన్ సహజం. ఎంచుకున్న లైనును చీటీ మీద రాసుకొని పోండి, మిగతాది మాట్లాడొచ్చు. రెండు నిమిషాలు దాటొద్దు, తర్వాతి కవి కూడా బస్సు చూసుకోవాలి. కవి ఎంత దగ్గరివాడైనా మైకులో 'గారు' అనండి. కింద కూర్చున్నాక అన్నా, తమ్మీ, అక్కా అని మామూలుగా పిలుచుకోవచ్చు. పెద్దవారైతే "సార్, నాకొక సందేహం" అని మొదలుపెడితే విభేదం కూడా మర్యాదగా నడిచిపోతుంది. చిన్నవాళ్ల కవితలో లోపం చెప్పాలంటే మైకులో చెప్పకుండా, టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి చెప్పండి. మీ సొంత కవిత చదవడానికి ఈ అవకాశాన్ని వాడుకోవద్దు. దీన్ని రాయాల్సి వస్తోందంటేనే ఎంత తరచుగా జరుగుతుందో అర్థం చేసుకోండి.

కవితగా స్పందించకూడని సందర్భం

కల విరిగిందన్న కవితను ఎవరైనా మీ చేతిలో పెట్టినప్పుడు, ఇంటర్ రిజల్ట్స్ రోజుల్లోనో నోటిఫికేషన్ రద్దయినప్పుడో ముఖ్యంగా, లైన్లను ఎంచడానికి ముందు మనిషిని చూడండి. తిండి మానేశాడా, సెలవు తీసుకుంటున్నట్టు మాట్లాడుతున్నాడా, వస్తువులు పంచేస్తున్నాడా? అలా అనిపిస్తే నానీలు, సమస్యాపూరణాలు పక్కన పెట్టి పక్కన కూర్చోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉచిత నంబర్ 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. కవిత గురించి తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

జవాబు బయట పెట్టే ముందు

స్పందన ముందు కవికే ఇవ్వండి, చేతిరాతతో ఇస్తే దాచుకుంటారు. జవాబు కవితను పత్రికకు పంపాలనుకుంటే కవిని అడగండి. శీర్షిక కింద 'ఫలానా వారి కవిత చదివాక' అని మూల కవి పేరు వేయండి, వాళ్ల లైను ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే కొటేషన్ గుర్తులు పెట్టండి. కవిత ఇంటి సంగతి చెబుతుంటే, అప్పు, జబ్బు, చదువు ఆగిపోవడం లాంటివి ఉంటే, ఊరి పేరు, కాలేజీ పేరు మీ జవాబులో బయటపెట్టొద్దు. కవి వద్దంటే పంపడం మానేసి నోటుబుక్కులో ఉంచుకోండి. కొన్నాళ్లు పోయాక తీసి, మూల కవిత తోడు లేకుండా కూడా నిలబడేలా తిరగరాయొచ్చు.